లివర్ ఎటువైపు ఉంది?

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఉద్దానం. అక్కడ చాలా ఇళ్ళల్లో ఒక ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. అందులో ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, రక్తపరీక్షల కాగితాలు, వాటి మధ్య ఒక సీడీ. స్కాన్ తీసిన చోట ఫిల్ముతో పాటు చేతిలో పెడతారు. దాన్ని తెరిచి చూసేవాళ్ళు ఉండరు. మా చిన్నాన్న సీడీ ఆయన పోయిన మూడేళ్ళకి కూడా పెట్టెలో అలాగే ఉంది. నేను శ్రీకాకుళంలో పదకొండేళ్ళుగా సీటీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రోజూ పదిమందికి స్కాన్లు తీస్తాను గానీ, ఇంట్లో ఉన్న స్కాన్‌ని ఒక్కసారీ తెరవలేదు.

తెరిచింది మా అక్క కొడుకు. రాజాంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో సంక్రాంతికి మా ఊరు వచ్చి, "పిన్నీ, దీన్ని చూడ్డానికి ఉచితంగా ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, తెలుసా?" అంటూ ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవ్ తగిలించాడు. ఆ సాఫ్ట్‌వేర్ పేరు త్రీడీ స్లైసర్. తెర నాలుగు గళ్ళుగా విడిపోయింది. ఒకదాంట్లో అడ్డకోత, రెండిట్లో నిలువుకోతలు, నాలుగోది త్రీడీ. నేను కొలత పెట్టి చూశాను. ఎడమ కిడ్నీ పొడవు 7 సెంటీమీటర్లు. పెద్దవాళ్ళకి మామూలుగా 10 నుంచి 12 దాకా ఉంటుంది. కిడ్నీలు కుంచించుకుపోయాయని డాక్టరుగారు చెప్పగా విన్నాం, ఎంత కుంచించుకుపోయాయో ఇంట్లో ఎవరం చూడలేదు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి తెర వైపు చాలాసేపు చూసి, "ఇంతేనేటి మిగిలింది" అంది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. బాధ ఒకటే కాదు కారణం. మా సెంటర్లో ఇలాంటి పని చేసే వర్క్‌స్టేషన్ ఉంది. దాని లైసెన్సు ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఒక్క గదిలో, ఒక్క మిషన్ మీదే పనిచేస్తుంది. ఖాళీ ఉన్నప్పుడు కూర్చుని నేర్చుకుందామంటే ఖాళీ ఉండదు. అదే పని ఇరవై ఐదు వేల రూపాయల ల్యాప్‌టాప్‌లో, మా ఇంటి అరుగు మీద జరిగింది. దీన్ని పిల్లలకి నేర్పుదామని తర్వాత వర్క్‌షాప్‌లు మొదలుపెట్టాను.

స్లైసర్ 1998లో మొదలైంది. బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ హాస్పిటల్‌లో సర్జరీలకి ముందస్తు ప్లాన్ వేసే ల్యాబ్, ఎంఐటీలోని కృత్రిమ మేధ ల్యాబ్ కలిసి మొదలుపెట్టాయి. ఇప్పుడు విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కోడ్ అంతా బయటే ఉంది. తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకునే వస్తువులో కలుపుకున్నా అడ్డుచెప్పరు. ఒక్క మాట మాత్రం మొదటే స్పష్టంగా చెప్తారు: ఇది పరిశోధన కోసం, రోగికి జబ్బు నిర్ధారించే పరికరంగా అనుమతి పొందినది కాదు. ఈ మాట నేను ప్రతి వర్క్‌షాప్‌లోనూ మొదటి అయిదు నిమిషాల్లోనే చెప్తాను. రిపోర్టు ఇవ్వాల్సింది రేడియాలజిస్టే.

మొదటి వర్క్‌షాప్ సరిగా జరగలేదు. అరవైమంది విద్యార్థులు, ఒక ప్రొజెక్టర్, రెండు గంటల పీపీటీ. స్లైసర్ చరిత్ర చెప్పాను, మెనూలన్నీ చూపించాను, చప్పట్లు కొట్టారు, ఫొటో తీసుకున్నాం. నెల తర్వాత ఎవరైనా ఇన్‌స్టాల్ చేశారా అని కనుక్కుంటే ఒక్కరూ చెయ్యలేదు. ఈత గట్టు మీద నిలబడి చెప్తే వచ్చేది కాదుగదా. నేను అదే చేశాను.

అప్పుడు మా వాడే ప్రాజెక్ట్ వీక్ గురించి చెప్పాడు. స్లైసర్ రాసేవాళ్ళు, వాడేవాళ్ళు 2005 నుంచి ఏడాదికి రెండుసార్లు వారం రోజులు ఒకచోట కలుస్తారట. కొన్నిసార్లు ఎంఐటీలో, కొన్నిసార్లు స్పెయిన్ దీవి గ్రాన్ కనారియాలో. 2020 నుంచి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేరే వీలు కూడా వచ్చింది. అక్కడ ఉపన్యాసాలు తక్కువ. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక పని పట్టుకుని వస్తారు. ఆ పనికి ఒక పేజీ ఉంటుంది, అందులో మూడు గళ్ళు: ఏం సాధించాలి, ఎలా చేద్దాం, ఎంతవరకు వచ్చింది. మొదటిరోజు ఒక్కొక్కరు లేచి తమ పని రెండు మాటల్లో చెప్తారు. ఆఖరిరోజు మూడో గడి చూపిస్తారు. మధ్యలో కోడ్ రాసేవాడూ సర్జనూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఆ పేజీలు ఎవరైనా చదువుకునేలా, కోడ్ పంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో ఉన్నాయి. నేను పదిరోజులు రాత్రిపూట కూర్చుని పాత పేజీలు చదివాను. ఇంగ్లీషు నాకు అంతంతమాత్రమే, అయినా ఆ మూడు గళ్ళ వల్ల అర్థమైపోయింది. అనుకున్నది అవ్వలేదని మూడో గడిలో నిజాయితీగా రాసుకున్న పేజీలే నాకు ఎక్కువ నచ్చాయి.

అదే పద్ధతిలో మనమూ చేద్దామనుకున్నాం. వారం రోజులు మాకు ఎవరిస్తారు? శని, ఆదివారాలు చాలనుకున్నాం. ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ అడిగితే ఇచ్చారు. విద్యార్థులు పద్నాలుగుమంది, ఎక్స్‌రే, సీటీ టెక్నీషియన్లు ఏడుగురు, ఫిజిక్స్ లెక్చరర్లు ఇద్దరు, రేడియాలజీ పీజీ చేస్తున్న డాక్టరుగారు ఒకరు. టెక్నీషియన్లని రప్పించడమే కష్టమైంది. "కంప్యూటర్ కోడింగ్ వాళ్ళ మధ్య మాకేం పనమ్మా" అని అందరూ ఒకే మాట. ఒక్కొక్కరికి ఫోన్ చేసి, మీరు లేకపోతే ఆ పిల్లలకి కిడ్నీ ఏదో పేగు ఏదో తెలీదు అని నచ్చజెప్పాను. సోంపేట నుంచి ఒక చెల్లి తెల్లవారుజామున బయలుదేరి, ఆమదాలవలసలో రైలు దిగి, షేర్ ఆటో పట్టుకుని వచ్చింది.

శనివారం పొద్దున్న గంటన్నర ఇన్‌స్టాల్ చెయ్యడానికే పోయింది. ల్యాబ్ నెట్ మీద ఇరవైమంది ఒకేసారి దించుకోవడం కుదరదని ముందే తెలుసు కాబట్టి నాలుగు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకెళ్ళాం. అసలు సమస్య మెమరీ దగ్గర వచ్చింది. నేను తీసుకెళ్ళిన స్కాన్‌లో 600 ముక్కలు, అంటే అడ్డకోత బొమ్మలు, ఉన్నాయి. ఒక్కో ముక్క 512 అడ్డం, 512 నిలువు చుక్కలు, ఒక్కో చుక్కకి రెండు బైట్లు. తెరవగానే 300 ఎంబీ దాటుతుంది. దాని మీద పనిచేస్తుంటే సాఫ్ట్‌వేర్ ఇంకా రెండు మూడు కాపీలు పెట్టుకుంటుంది. 4 జీబీ ర్యామ్ ఉన్న ల్యాబ్ మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. క్రాప్ వాల్యూమ్ అనే మాడ్యూల్‌తో కిడ్నీలున్న మేర పెట్టెలా గీసి, మిగతాది తీసేశాక నడిచాయి. ఇలాంటి పని చెయ్యాలనుకునేవాళ్ళు ఈ కత్తిరించిన స్కాన్ ముందురోజే తయారు చేసుకోండి. మాకు ఒక పూట వృథా అయింది.

ఆ మధ్యాహ్నమే ఇంకొక తప్పు జరిగింది, అది పూర్తిగా నాది. ఒక అబ్బాయి వాళ్ళ బంధువు సీడీ తెచ్చుకున్నాడు. అది తెరవడం ఎలాగో అందరికీ చూపిద్దామని ప్రొజెక్టర్‌కి కలిపిన మిషన్‌లో పెట్టించాను. సీడీలో స్కాన్ ఉండేది డైకామ్ అనే రకం ఫైళ్ళలో. డైకామ్ ఫైల్ అంటే బొమ్మ ఒక్కటే కాదు. రోగి పేరు, పుట్టినతేదీ, ఆస్పత్రి నంబరు, స్కాన్ తీసిన తేదీ అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. స్లైసర్ తెరవగానే ముందు కనబడేది పేరే. గోడంత తెర మీద ఇంటిపేరుతో సహా పేరు పడింది. వెనక బెంచీలో ఎవరో "మా వీధే" అన్నారు. లేచి వెళ్ళి ప్రొజెక్టర్ వైరు లాగేశాను గానీ అప్పటికే చూసేశారు. మాది చిన్న ఊరు. ఎవరికి ఏ జబ్బు ఉందో తెలిస్తే పెళ్ళి సంబంధాలు కూడా వెనక్కి పోతాయి. ఆ అబ్బాయి ముఖం చూడలేకపోయాను. సాయంత్రం అతన్ని పక్కకి పిలిచి క్షమాపణ అడిగాను.

ఆ రోజు నుంచి మా వర్క్‌షాప్‌లోకి ఎవరి సొంత సీడీ రానివ్వం. పేర్లు తీసేసే పనిముట్లు ఉన్నాయి, అవి నేర్పుతాం కూడా. కానీ పేరు ఫైల్లో తీసేసినా కొన్ని స్కాన్లలో బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది. అల్ట్రాసౌండ్‌లో ఇది మరీ ఎక్కువ. అది ఏ పనిముట్టుకీ కనబడకపోవచ్చు, మనిషే కళ్ళతో చూసి తుడవాలి. అందుకే ప్రపంచానికి ఉచితంగా ఇచ్చిన స్కాన్లే వాడుతున్నాం. 2019లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు కిట్స్ పేరుతో పోటీ పెట్టి, కిడ్నీ క్యాన్సర్ ఉన్న 300 మంది స్కాన్లు సేకరించి, వాటిలో 210కి కిడ్నీ, గడ్డ ఎక్కడున్నాయో గీసిన గీతలతో సహా బయటపెట్టారు. 2022లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ ఆస్పత్రి వాళ్ళు అవయవాల్ని తనంతట తనే గీసే టోటల్ సెగ్మెంటేటర్ తయారు చేసి, దానికి నేర్పడానికి, పరీక్షించడానికి వాడిన 1204 సీటీ స్కాన్లని, వాటిలో గుర్తించిన 104 అవయవాల, ఎముకల, కండరాల, రక్తనాళాల గీతలతో సహా ఎవరైనా దించుకునేలా పెట్టారు.

ఇప్పుడు అసలు పని గురించి చెప్తాను. మా మొదటి ప్రాజెక్టు: సీటీలో కిడ్నీ ఎంత పరిమాణంలో ఉందో కొలవడం. అల్ట్రాసౌండ్‌లో అయితే పొడవు, వెడల్పు, మందం కొలిచి మూడింటినీ గుణించి 0.52తో మళ్ళీ గుణిస్తారు. కిడ్నీని కోడిగుడ్డులాంటి ఆకారం అనుకుని వేసే లెక్క అది. కుంచించుకుపోయిన కిడ్నీ గుడ్డులా ఉండదు, గతుకులు పడి ఉంటుంది. సీటీలో ముక్క ముక్కకీ గీసి కలిపితే గుడ్డు అనుకోవాల్సిన పని లేదు.

పిల్లలు కిట్స్ స్కాన్ తెరిచి థ్రెషోల్డ్ పెట్టారు, అంటే ఇంత విలువ పైన ఉన్న చుక్కలే కావాలని ఒక హద్దు. సీటీలో ప్రతి చుక్కకీ ఒక విలువ ఉంటుంది. నీరు 0, గాలి మైనస్ 1000, కొవ్వు మైనస్ 100 దగ్గర, ఎముక కొన్ని వందలు. కాంట్రాస్ట్ మందు ఎక్కించిన కిడ్నీ 150, 200 దాకా వెలుగుతుంది. 120 పైన ఉన్నవన్నీ ఇమ్మంటే కిడ్నీలు, రక్తనాళాలు, ఎముకలు వచ్చాయి. ఎముకని స్లైసర్‌లోని కత్తెరతో తీసేశారు. పది నిమిషాల్లో కిడ్నీ త్రీడీలో తిరుగుతోంది. గది అంతా సందడి.

అప్పుడు నేను కాంట్రాస్ట్ లేని మామూలు స్కాన్ ఒకటి ఇచ్చాను. మందు లేకుండా కిడ్నీ 30 దగ్గర ఉంటుంది. లివర్ 50, 60. ప్లీహం, నడుం కండరాలు కూడా ఆ చుట్టుపక్కలే. పిల్లలు ఆ హద్దు కిందికి దించేసరికి రంగు కిడ్నీలోంచి లివర్‌లోకి, కండరంలోకి, పేగుల్లోకి పాకిపోయింది. వరిమడి గట్టు తెగితే నీళ్ళు పక్క మడిలోకి పోయినట్టు. "మేడమ్, ఈ స్కాన్ బాగోలేదు, వేరేది ఇవ్వండి" అన్నాడు ఒకడు.

వేరేది ఇవ్వనన్నాను. ఎందుకంటే మా వాళ్ళ స్కాన్లు ఇలాగే ఉంటాయి. కిడ్నీలు దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్ళకి కాంట్రాస్ట్ ఎక్కించడానికి డాక్టర్లు వెనకాడతారు, ఆ మందు కిడ్నీల మీద భారం వేస్తుందని. ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, వజ్రపుకొత్తూరు, మందస, పలాస మండలాల్లో ఈ కిడ్నీ జబ్బు ఇన్నేళ్ళుగా ఉంది. కారణం ఇదీ అని ఇప్పటికీ ఖాయంగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. ప్రపంచంలో ఉచితంగా దొరికే కిడ్నీ స్కాన్లలో చాలావరకు కాంట్రాస్ట్ ఎక్కించినవి, గడ్డతో పెరిగిన కిడ్నీలవి. మా చిన్నాన్న కిడ్నీ లాంటిది అందులో వెతుక్కోవాలి. ఈ మాట చెప్తుంటే నా గొంతు పట్టేసింది, కాసేపు కూర్చున్నాను. గదిలో ఎవరూ మాట్లాడలేదు. కంచిలి పిల్లవాడొకడు లేచి నాకు మంచినీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు.

తర్వాత విత్తనాల పద్ధతి పట్టుకున్నాం. స్లైసర్‌లో గ్రో ఫ్రమ్ సీడ్స్ అని ఉంది. కిడ్నీ మధ్యలో ఒక రంగు, లివర్‌లో ఇంకో రంగు, కండరంలో మరొకటి, చుట్టూ కొవ్వులో మరొకటి కొంచెం కొంచెం పూస్తే, ఒక్కో విత్తనం చుట్టూ పెరుగుతూ పోయి రెండు రంగులు కలిసిన చోట హద్దు పడుతుంది. విత్తనం ఎక్కడ వెయ్యాలో తెలియాలి. అది పిల్లలకి తెలీదు, టెక్నీషియన్లకి తెలుసు. అక్కడి నుంచి గది రూపు మారిపోయింది. మౌస్ విద్యార్థి చేతిలో, వేలు టెక్నీషియన్‌ది. "ఇక్కడ కాదు, ఇది పేగు. కిందికి రా. ఆఁ, ఇదీ." ఉదయం గోడవారగా కూర్చున్నవాళ్ళందరూ ముందు వరసలోకి వచ్చేశారు.

ఆదివారం పొద్దున్న ఒక కుర్రాడు పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసుకొచ్చాడు. రాత్రంతా కూర్చుని రాశాడట. కుడి, ఎడమ కిడ్నీల పరిమాణం విడివిడిగా చెప్పేస్తుంది. స్కాన్ అంకెలన్నీ వరసలుగా తీసుకుని, సరిగ్గా మధ్యకి విడగొట్టి, తెర మీద ఎడమ పక్కన కనబడే సగాన్ని ఎడమ కిడ్నీ అన్నాడు. అంకెలు వచ్చాయి, అందరం మెచ్చుకున్నాం. పాలకొండ నుంచి వచ్చిన మాస్టారు ఒకరు ఉన్నారు, ముప్పై ఏళ్ళు ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరయ్యారు. కంప్యూటర్ దగ్గర కూర్చోమంటే అప్పటిదాకా కూర్చోలేదు. ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వచ్చి అడిగారు:

"బాబూ, లివర్ ఎటువైపు ఉంది?"

"ఎడమ వైపు సార్."

"మనిషికి లివర్ ఎడమ వైపు ఉంటాదేటి?"

కుర్రాడు తెర వంక చూశాడు. తర్వాత తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. సీటీ బొమ్మని మనం రోగి కాళ్ళ వైపు నిలబడి చూస్తున్నట్టు పెడతారు. రోగి కుడి మన ఎడమకి వస్తుంది. ఎదురుగా నిలబడిన మనిషి లాగే. డైకామ్‌లో అంకెల వరస కూడా మామూలుగా రోగి కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. అంటే ప్రోగ్రాం ఎడమ అన్నది కుడి. అంకెల్లో ఒక్క తప్పూ లేదు, పేర్లు తారుమారు. మాస్టారు అడగకపోతే ఆ ప్రోగ్రాం అలాగే బయటికి వెళ్ళిపోయేది.

కుర్రాడు చిన్నబుచ్చుకోలేదు, అదే నాకు బాగా నచ్చింది. మాస్టారిని పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని మళ్ళీ రాశాడు. పేర్లు అటుదిటు మార్చేసి ఊరుకోలేదు. కొన్ని ఫైళ్ళలో వరస తిరగబడి ఉంటుంది కాబట్టి ఫైల్లో దిశ ఏమని రాసి ఉందో ముందు అది చదవాలి. స్లైసర్ లోపల దిక్కులు లెక్కపెట్టే పద్ధతి డైకామ్ పద్ధతికి అడ్డంగానూ, ముందు వెనకలకీ కూడా తిరగేసి ఉంటుంది, అదీ చూసుకోవాలి. మధ్యాహ్నం భోజనాల వేళకి అయింది. పులిహోర పొట్లాలు కీబోర్డుల పక్కనే విప్పుకుని తిన్నాం.

రెండో ప్రాజెక్టు టోటల్ సెగ్మెంటేటర్ నడిపి మేం గీసినదానితో పోల్చడం. గ్రాఫిక్స్ కార్డు లేని మిషన్లలో వేగం మోడ్ పెట్టినా చాలాసేపు పట్టింది. ఎక్కువ చెప్పడానికి లేదు.

మూడోది మాటల పని. స్లైసర్ మెనూల్లోని మాటల్ని ఎవరి భాషలోకి వాళ్ళు మార్చుకోవడానికి వెబ్లేట్ అనే అనువాదాల వెబ్‌సైట్‌లో వీలుంది. తెలుగు మాటల పట్టిక తయారు చేద్దామని లెక్చరర్లు ఇద్దరూ, సోంపేట చెల్లీ కూర్చున్నారు. సీడ్స్‌కి విత్తనాలు అని వెంటనే కుదిరింది. విడివిడిగా తేలిపోయిన ముక్కల్ని స్లైసర్ ఐలాండ్స్ అంటుంది. దానికి లంకలు అని ఆ చెల్లి అనగానే అందరం సరేనన్నాం. థ్రెషోల్డ్ దగ్గర గంటసేపు వాదన. ఒకరు గడప అన్నారు, ఒకరు అవధి అన్నారు, చివరికి హద్దు విలువ అని రాసుకున్నాం. కిడ్నీని మూత్రపిండం అని రాయాలని ఒక లెక్చరరుగారు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఉద్దానంలో చదువురాని ముసలమ్మ కూడా కిడ్నీ అనే అంటుంది. ఆ మాట మా వాళ్ళకి ఇంగ్లీషు కాదు. పట్టికలో ప్రస్తుతానికి రెండూ ఉన్నాయి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఒక్కో జట్టు లేచి మూడో గడి చదివింది. "కాంట్రాస్ట్ లేని స్కాన్లు మూడే గీయగలిగాం, రెండు జట్లు గీసిన కుడి కిడ్నీ పరిమాణం ఒకదానితో ఒకటి కలవలేదు" అని మా జట్టు రాసింది. సోంపేట చెల్లి ఒక్కతే సొంతంగా ఒక చిన్న పని పెట్టుకుంది: ఒకే కిడ్నీని తనే రెండుసార్లు, రెండు వేర్వేరు రోజుల్లో గీస్తే అంకె ఎంత తేడా వస్తుందో చూడాలని. నన్నడిగితే గదిలో అన్నిటికంటే ఆలోచించి పెట్టుకున్న ప్రశ్న అదే. కానీ రెండోరోజు గీయడానికి ముందే రైలు టైమయింది. మూడో గడి ఖాళీగా వదిలి, పెన్‌డ్రైవ్ చీరకొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత విజయనగరంలో ఒకసారి చేశాం, ఇంకొకటి అక్కడే చెయ్యాలని అడుగుతున్నారు. ఉద్దానం స్కాన్లు వాడాలంటే ఆస్పత్రి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. ఆ దరఖాస్తు డాక్టరుగారు రాస్తున్నారు, గీతలు గీసే పద్ధతి మేం రాసిస్తున్నాం.

పదిహేను రోజుల తర్వాత, రాత్రి తొమ్మిదింటికి, సోంపేట నుంచి ఫోన్ వచ్చింది. డ్యూటీ దిగి, పిల్లల్ని పడుకోబెట్టి, వాళ్ళాయన పాత ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకుందట. ఒక్కసారి కాదు, అయిదు రాత్రులు అదే కిడ్నీ గీసింది.

"అక్కా, మూడో గడి నింపాను. చదవమంటావా?"

"ఆగు, కాగితం తెచ్చుకుంటాను" అన్నాను.